సీసమా, రాగా?

కైనూ,
అక్టోబరు ఆఖరు.

ప్రియమైన నాన్నకి,

ఇక్కడ నేనూ అమ్మా బాగానే ఉన్నాం. మన కుక్క రేకు కూడా కులాసాయే, కడుపునిండా తిని నీ కుర్చీలో పడుకుంటోంది. తుంటి ఎముక అతుక్కుందని, ఔలు పట్నం ఆస్పత్రిలో నిన్ను కర్రతో నడిపిస్తున్నారని రాశావే, అమ్మ ఆ ముక్క నాచేత మళ్ళీ మళ్ళీ చదివించుకుంది.

"ఈసారి వేటలో నా చోట్లో ఎవరు నిలబడ్డారు? ఏ తూటా వేశారు?" అని అడిగావు. నిలబడింది నేనే, చిత్తడినేల అంచున. రైఫిల్ నీదే. తూటా మాత్రం రాగిది. కోప్పడకు, మొత్తం విను.

వేట గుడిసెలో కాఫీ దగ్గరే మొదలైంది గొడవ. ఆర్వో బాబాయి సీసం తప్ప ఇంకోటి ముట్టడు కదా. "నాది లోపలికెళ్ళి పువ్వులా విచ్చుకుంటుంది, మూస్ దుప్పి ఉన్నచోటే కూలుతుంది. నీ రాగి తూటా దుప్పిని దారి అడిగి అవతలికి వెళ్ళిపోతుంది" అన్నాడు కెర్ట్టు అత్తతో.

అత్త ఊరుకుంటుందా? "కూలుతుంది, నిజమే. తర్వాత సగం భుజం నెత్తురు గడ్డకట్టి కుక్కల పాలు. మిగతా సగంలో సీసం ముక్కలు ఏరుకోవాలి. నాది కాస్త పరిగెత్తినా మాంసం శుభ్రంగా ఉంటుంది."

"పరిగెత్తినదాన్ని వెతికేదెవరమ్మా, నేనే కదా!" అన్నాడు బాబాయి.

ఈ పోట్లాట ఏటా ఉండేదే కదా, ఎవరిది నిజమో కళ్ళారా చూడాలని నాకు ఎప్పట్నుంచో ఉంది. నీ రైఫిల్‌కి సరిపడే రాగి తూటాలు ముందే కొని, వేసవిలో గురి సరిచూసుకున్నాను.

మంచు పొగ విడిపోయాక వచ్చింది, పెద్ద మగది. పక్కకి తిరిగి నిలబడింది. కాల్చాను. అది ఉలిక్కిపడనైనా లేదు, నడిచినట్టే వెళ్ళి స్ప్రూస్ చెట్లలోకి మాయమైంది. నెత్తుటి చుక్క లేదు. బాబాయి వచ్చి నేలంతా చూసి, "చెప్పానా?" అన్నాడు, కానీ మెల్లగా అన్నాడు. రేకుని వదిలాం. కాసేపటికే మొరిగింది. దుప్పి నాచు మీద పడి ఉంది, ప్రాణం ఎప్పుడో పోయింది. తూటా రెండు ఊపిరితిత్తుల్లోంచీ దూసుకుపోయింది, నెత్తురంతా లోపలే నిలిచింది. బాబాయి ఆ రంధ్రంలో వేలు పెట్టి చూసి, "మాంసం ఏం పాడవలేదే!" అని తనలో తనే అనుకున్నాడు. అత్త నవ్వు ఆపుకోలేకపోయింది.

ఇంతవరకు సంతోషంగా రాశాను. అసలు సంగతి ఇప్పుడు రాస్తున్నాను. రాయొద్దని అమ్మ అంది. "ఆయన మళ్ళీ మనసు పాడుచేసుకుంటాడే" అంది. నాకేమో నువ్వు తెలుసుకోవాలనే అనిపించింది.

చర్మం ఒలుస్తుంటే అత్త కత్తికి రెండో భుజంలో గట్టిగా ఏదో తగిలింది. కండలో, తెల్లటి పొర కప్పుకుని, అణిగిపోయిన పాత సీసపు తూటా. మన జట్టులో అంత లావు తూటా నీ రైఫిల్‌దొక్కటే. పోయినేడు నువ్వు కాల్చాక మంచు కురిసి జాడ చెరిగిపోయిన దుప్పి ఇదే నాన్నా. "నా చెయ్యి వణికింది, అది ఎక్కడో కుళ్ళి చచ్చుంటుంది" అని నువ్వు రైఫిల్ నా చేతికిచ్చేశావు చూడు, అదే. చావలేదు. ఏడాదంతా మేసి, వీపు మీద రెండు వేళ్ళ మందం కొవ్వు పట్టింది.

"ఇంత బరువు తూటా పైపైనే ఎందుకు ఆగింది?" అని బాబాయికి నిద్ర పట్టలేదట. మర్నాడు ఇద్దరం నీ చోటికి వెళ్ళి, నువ్వు గురిపెట్టిన వైపంతా వెతికాం. అక్కడ ఒక బిర్చ్ చెట్టు ఉంది. దాని కాండానికి గుండె ఎత్తున, ఓ పక్కన లోతుగా గాడి, అంచులు మూసుకుపోతున్నాయి. బాబాయి దాన్ని నిమిరి, "మీ నాన్న చెయ్యి వణకలేదే పిల్లా, తూటాకి ఇది అడ్డొచ్చింది" అన్నాడు.

నడక బాగా వచ్చాక రా. వచ్చే వేటకాలం నీ చోట్లో నువ్వే నిలబడాలి. సీసమో రాగో నీ ఇష్టం. ఆ బిర్చ్‌ని కొట్టేద్దామని బాబాయి గొడ్డలి తీశాడు, నేనే ఆపాను. ముందు నువ్వు చూడు.

ఇట్లు,
నీ రైఫిల్‌ని నువ్వొచ్చేదాకా మాత్రమే మోస్తున్న కూతురు,
సైమి