మొదటి కుర్చీ

ప్రియమైన శ్రీవారికి,

ఫోన్లో మీరు "ఊఁ", "సరే", "పాప తిందా" తప్ప నాలుగో మాట మాట్లాడరు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. మీరూ ఉత్తరమే రాయండి. కాగితం మీదైతే మీకు నోరొస్తుంది.

మా బాస్కెట్‌బాల్ జట్టు హెడ్ కోచ్‌ని పోయిన వారం పంపించేశారు. ఈ సీజన్లో ఎన్ని మ్యాచ్‌లు ఓడామో లెక్కపెట్టడం మేమే మానేశాం. కోర్టు పక్కన బెంచి వరసలో మొదటి కుర్చీ హెడ్ కోచ్‌ది కదా, మర్నాడు పొద్దున ప్రాక్టీసులో అది ఖాళీగా కనబడితే ఇంట్లో ఎవరో పోయినట్టనిపించింది.

కొత్త కోచ్‌ని వెతికే పని యజమాని నా నెత్తిన పెట్టారు. ఇద్దరొచ్చారు. ఒకాయన పేరున్నవాడు. కోర్టు చూడకముందే తన గది ఎటువైపని అడిగాడు. రెండో ఆయన తెర మీద గీతలు గీస్తూ గంట చెప్పాడు. ఎదురుగా కూర్చున్న మా కెప్టెన్‌ని, అదే అందరూ నిచ్చెన అని పిలిచే కుర్రాణ్ణి, "మీరు ఏ సెక్షన్ అండీ?" అన్నాడు. గుమ్మం దాటాలంటే తల వంచాల్సిన మనిషిని చూసి గుమాస్తా అనుకున్నవాడికి ఏం చెప్తాం!

ఇక మిగిలింది మా అసిస్టెంట్ కోచ్. టీచరమ్మ అంటారు అందరూ. మంచిదే, కానీ గొంతు పిల్లికూనది. ఆ హోరులో ఎవరికి వినబడుతుంది?

యజమాని మాత్రం, "మీ ఆయన ఆ కాలేజీ ఆడపిల్లల జట్టుని బాగా ఆడిస్తున్నాడట కదమ్మా, పిలవకూడదూ?" అన్నారు.

నేనేమీ అడగడం లేదు. ఆయన అన్నది చెప్తున్నానంతే.

మీ
నేనే

*

ప్రియమైన మేనేజరమ్మకు,

గుమాస్తా సంగతి మా అమ్మాయిలకి చదివి వినిపించాను. వార్మప్ మానేసి నేల మీద దొర్లి నవ్వారు.

వాళ్ళు టోర్నమెంటులో ఇంకా మిగిలే ఉన్నారు. ఇప్పుడు వదిలి రావడం కుదరదు. అదొకటి. రెండోది, నేను ఆ కుర్చీలో కూర్చుని వరసగా ఓడిపోయాననుకో, నన్ను పిలిచి "ఇక వెళ్ళండి" అనాల్సింది నువ్వే. అనగలవా? అన్నాక సాయంత్రం ఇద్దరం ఒకే తాళంతో ఒకే తలుపు తీసుకుని లోపలికి వెళ్ళాలి కదా.

టీచరమ్మని ఇంకోసారి చూడు. గొంతు సంగతి పక్కన పెట్టి చూడు.

పాపకి ముద్దులు.

నీ
ఊఁ-సరే మనిషి

*

ఏమండీ,

"ప్రియమైన" అని రాయబుద్ధి కావడం లేదు.

మీరు చెప్పిన కారణాలు రెండూ బాగానే ఉన్నాయి. మీ దగ్గర కారణాలకి ఎప్పుడూ కరువు లేదు. మొదట్లో ఒక్క ఏడాదే అన్నారు. తర్వాత ఈ బ్యాచ్ అయిపోనీ అన్నారు. పోయినసారి మీరొచ్చినప్పుడు పాప అలమరాలోంచి చుట్టాలకిచ్చే కొత్త తువ్వాలు తీసి మీ మంచం మీద పెట్టింది, చూశారా? మీరు చూడలేదు. చూసి నేనే మార్చాను.

నియామకం కాగితాలు సిద్ధంగా ఉన్నాయి. యజమాని ఒప్పుకున్నారు. మీరు సరే అంటే చాలు. ఇన్నాళ్ళూ ఊరికే అన్న "సరే"లలో ఒక్కటి ఇప్పుడు నిజంగా అనలేరా?

అక్కడే హాయిగా ఉంటే ఆ మాటే రాసెయ్యండి. నేనేమీ అనుకోను. అబద్ధం, అనుకుంటాను.

ఇంటి నుంచి
నేను

*

ప్రియమైన నీకు,

తువ్వాలు మాట చదివాక కాసేపు కాగితం మడిచి జేబులో పెట్టుకు తిరిగాను.

హాయిగా లేను. ఆ కుర్చీ నాకు కావాలి. ఆడే రోజుల నుంచీ కావాలి. నీ మొదటి ఉత్తరం వచ్చిన నాడే నీ కుర్రాళ్ళని ఎవర్ని ఎక్కడ నిలబెట్టాలో బొమ్మలు గీసుకున్నాను. అంత కావాలనిపించింది కాబట్టే భయపడి కుంటిసాకులు రాశాను.

తర్వాత మీ పాత మ్యాచ్‌లు తెప్పించుకుని చూశాను. ఎలా బాగుచెయ్యాలా అని మొదలుపెట్టి, బంతిని వదిలేసి బెంచినే చూడటం మొదలుపెట్టాను. టైమౌట్‌లో ఆట ఆగినప్పుడు మీ పాత కోచ్ అరుస్తుంటాడు. నిచ్చెన తలాడిస్తాడు. కోర్టులోకి వెళ్ళబోతూ ఒక్క క్షణం టీచరమ్మ వైపు చూస్తాడు. ఆవిడ రెండు వేళ్ళు ఇలా పక్కకి తిప్పుతుంది. అంతే, బంతి మూలకి వెళ్తుంది, బుట్టలో పడుతుంది. ఒకసారి కాదు, ప్రతి మ్యాచ్‌లోనూ.

మీ జట్టు తన కోచ్‌ని ఎప్పుడో ఎంచుకుంది. మీరే ఇంకా ఇంటర్వ్యూలు చేస్తున్నారు.

ఇది చూశాక కూడా నేను సరే అంటే, పక్కవాళ్ళ విస్తరి ముందు కూర్చున్నట్టే. నీ మీద ప్రేమ లేక కాదు. ఇది ఎంత కష్టపడి రాస్తున్నానో నీకు తెలియాలి.

నీ
నేను

*

ప్రియమైన మీకు,

బంతులు పెట్టే గదిలో తలుపేసుకుని మీ ఉత్తరం చదివాను. ఏడ్చాను. మిమ్మల్ని నాలుగు తిట్టాను కూడా. తర్వాత ముఖం కడుక్కుని ప్రాక్టీసుకి వెళ్ళి కూర్చున్నాను. మీరు చెప్పింది నిజమే. ఇన్నాళ్ళూ నా కళ్ళేమయ్యాయో!

టీచరమ్మనే హెడ్ కోచ్ చేద్దామంటే యజమాని ఒప్పుకోలేదు. "ఆవిడ మాట పక్కనున్న నాకే వినబడదు, అంత పొడుగువాళ్ళకేం వినబడుతుందమ్మా?"

"వాళ్ళు వంగి వింటారండీ. వచ్చి చూడండి" అన్నాను.

వచ్చి చూశారు. అక్కడికక్కడే సంతకం పెట్టారు.

మొదటి మ్యాచ్ ఓడాం. కానీ ఈసారి కుర్రాళ్ళెవరూ కోపంతో నీళ్ళ సీసాలు విసరలేదు. రెండోది గెలిచాం. నిచ్చెన ఆవిడని అమాంతం ఎత్తేస్తే "దించు నాయనా, కళ్ళు తిరుగుతున్నాయి" అని ఒకటే గోల.

అసలు విషయం ఇది. నిన్న ఆవిడ నా గదికొచ్చి తలుపు దగ్గరగా వేసింది. "నాకో అసిస్టెంట్ కావాలి. మీ ఆయన్ని అడుగుదామనుకుంటున్నాను. మీకు ఇబ్బందైతే అడగను" అంది. అడగమన్నాను. ఆవిడ మనుషుల్ని పెట్టుకోవడం, తీసెయ్యడం ఆవిడ ఇష్టమేనని, నా ప్రమేయం ఉండకూడదని యజమానితో రాయించి ఇచ్చాను.

కాబట్టి మిమ్మల్ని తీసెయ్యాల్సిన రోజొస్తే ఆ పని నాది కాదు. రమ్మనడం కూడా నాది కాదు. ఆవిడ ఫోన్ చేస్తుంది. మీరు ఏం చెప్పినా ఈసారి కోపం రాదు. నిజంగా.

మీ
నేనే

*

ప్రియమైన నీకు,

ఫోన్ చేసింది. "అసిస్టెంట్" అన్న మాట వినగానే మనసు చివుక్కుమంది. దాచను. ఆలోచించి చెప్తానని పెట్టేశాను.

మా అమ్మాయిలు సెమీఫైనల్లో ఓడిపోయారు. బస్సులో అందరూ ఏడుస్తుంటే కెప్టెన్ పిల్ల ఒక్కో సీటు దగ్గరికీ వెళ్ళి కూర్చుంది. నేనూ వెళ్ళి కూర్చున్నాను. ఎవరికీ ఏమీ బోధించలేదు. ఊరికే పక్కన ఉన్నానంతే. దిగేటప్పుడు అందులో ఒకమ్మాయి "థాంక్స్ సర్" అంది. నాకు ఇష్టమైన పని ఇదేనని, దీనికి ఏ కుర్చీ అయినా ఒకటేనని ఆ పూట తట్టింది.

టీచరమ్మకి నేనే ఫోన్ చేశాను. ఆవిడ మెత్తగానే పలికింది గానీ ప్రశ్నలు మాత్రం మేకుల్లాంటివి. "టైమౌట్‌లో మాట్లాడేది నేనే. మీరు నోరు కట్టేసుకోగలరా?"

"పెళ్ళయినప్పటి నుంచీ అదే సాధనండీ" అన్నాను.

అవతల నవ్వాగలేదు. ఉద్యోగం వచ్చినట్టే.

ఆదివారం పొద్దున రైలు దిగుతాను. నీకు ప్రాక్టీసు ఉంటుంది, స్టేషన్‌కి రావద్దు అని రాశాను. ఇదిగో, కొట్టేస్తున్నాను.

రా. పాపనీ తీసుకురా.

నీ
నేను