అన్నయ్య అర్హత

బీమా అధికారి గారికి,

మా అన్నయ్య తాగుడు మానేసినందుకు కుటుంబం మొత్తం తరఫున సాష్టాంగపడి క్షమాపణ కోరుతున్నాను. ప్రభుత్వ ఆరోగ్య బీమాకు మా ఇంటి నుంచి ఇంతటి ద్రోహం జరుగుతుందని కలలో కూడా అనుకోలేదు.

తమకు గుర్తుండే ఉంటుంది. వణికే చేతుల్ని చంకల్లో దాచుకుని మీ కిటికీ ముందు నిలబడ్డ వెల్డరు ఆయనే. డీ-అడిక్షన్ వార్డులో ఒక మంచం ఇప్పిస్తే మళ్ళీ తాగకుండా నిలబడతానని బతిమాలాడు. తమరు రక్తపరీక్ష చూసి, "ఒంట్లో చుక్క మందు లేదు కదయ్యా! తాగనివాడికి తాగుడు మాన్పించే వైద్యం దేనికి? బీమా వర్తించదు," అన్నారు. వెనక లైనంతా నవ్వింది. ఏం చెయ్యాలో తోచక మా వదిన కూడా నవ్వింది.

బయటికొచ్చాక అన్నయ్య నా భుజం పట్టుకుని, "చదువుకున్నోడివి, నువ్వే ఏదో ఒకటి చెయ్యరా. ఒక్కణ్ణే ఇంక ఆగలేను," అన్నాడు.

రెండో పరీక్షలో ఆయన దివ్యంగా నెగ్గాడు. తమరు వెంటనే మంచం మంజూరు చేశారు. దాన్ని దయచేసి ఇంకొకరికి ఇవ్వండి. పరీక్ష అయ్యాక అన్నయ్య ఇంటికి రాలేదు, నేరుగా మందు షాపుకే వెళ్ళాడు. అక్కడి నుంచి తూలుతూ రోడ్డు దాటబోయి లారీ కింద పడి అక్కడికక్కడే పోయాడు.

'రోగి మళ్ళీ తాగాడు' అని తమరు రాసుకున్నారట. చిన్న సవరణ. సీసా కొన్నది నేను. ఆయన వద్దురా అని మొహం తిప్పుకుంటే, "ఈ ఒక్క పరీక్షకే అన్నయ్యా, కళ్ళు మూసుకుని తాగెయ్," అని గ్లాసు నోటికి పెట్టింది కూడా నేనే.

ఇట్లు,
చదువుకున్న తమ్ముడు