ముందర పెట్టిన పాత సరుకు

కడప, ఆగస్టు 4

ఓబులేష్ చిన్నాయనకు నాగలత దండాలు.

ఫోన్ చేద్దామంటే బండల పాలిష్ మిషను నీ చెవులు తినేసింది. అందుకే ఉత్తరం. బళ్లో లైబ్రేరియన్ కావడానికి చదివే ఈ చదువు బాగానే ఉంది, మనుషులే లేరు. అందరూ జతలుగా తిరుగుతారు. నేను మెస్సులో వెనక మూల బల్ల దగ్గర ఒక్కదాన్నే తింటాను. మిగతా పొద్దంతా లైబ్రరీలో. అక్కడ మాట్లాడితే తిడతారు.

ఒక సాయం చేయాలి. ఏదైనా బడిలో పుస్తకాలు సర్దించి చూపిస్తేనే నేను పాసవుతాను. నాకు సెలవు దొరకలేదు. మన బేతంచెర్లలో ఇంటి పక్క బడి బీరువాలో రెండు వందల పుస్తకాలున్నాయి. ఆ బడి హెడ్మాస్టరు శాంతయ్య సారు సరేనన్నారు. దుమ్ము దులిపి, వరసగా పెట్టి, నంబర్లు వేయి. ఇరవయ్యో తేదీ మాకు పాఠం చెప్పే స్వర్ణలత మేడం వచ్చి చూస్తారు.

నీ కూతురు నాగలత

తా.క.: నిన్న మొత్తం మీద నేను మాట్లాడింది రెండే మాటలు. "ఇంకొంచెం చారు."


బేతంచెర్ల, ఆగస్టు 9

పాపకు చిన్నాయన దీవెనలు.

పని అయిపాయ. బండలకు చేసినట్టే చేసినా. తడిగుడ్డతో తుడిచి, ఎండబెట్టి, పెద్దవి ఒక పక్క, చిన్నవి ఒక పక్క గోడకు ఆనించినా. అట్టల మీద ఎర్ర పెయింటుతో నంబర్లు ఏసినా, రోడ్డు మీద నుంచి గూడా కనపడతాయి. అంచులు ఇరిగినవి తక్కువ రేటు సరుకు కింద వేరే పెట్టినా. ఎవురూ ముట్టని లావు పుస్తకాలు అన్నిటికన్నా ముందర పెట్టినా. పాత సరుకు ఎనక పెడితే ఎప్పటికీ ఆడనే ఉండిపోతాది.

నీ చిన్నాయన

తా.క.: రెండు మాటలు శానా తక్కువ. అన్నం గూడా అడుగు.


కడప, ఆగస్టు 12

చిన్నాయనా, దండాలు సరే, ఎంత పని చేశావు!

సైజును బట్టి కాదు, విషయాన్ని బట్టి పెట్టాలి. కథలన్నీ ఒకచోట, లెక్కలన్నీ ఒకచోట. నంబరు చిన్న చీటీ మీద రాసి అంటించాలి. ఆ పెయింటు చూస్తే మేడం సున్నా వేస్తారు. ముందే చెప్పకపోవడం నా తప్పే. ఫెయిలవడం ఖాయం, సంచి సర్దుకుని వచ్చేస్తాను. నేను లేనని ఇక్కడ ఎవరికీ తెలియదు కూడా. మొన్న రెండు రోజులు జ్వరంతో పడుకుంటే ఒక్కరూ ఏమైందని అడగలేదు.

నాగలత

తా.క.: దయచేసి ఇంకేమీ చేయొద్దు.


బేతంచెర్ల, ఆగస్టు 15

పాపా, చల్లగుండు.

నీ తా.క. చదివేలోపే చేసేసినా. పెయింటు పోవాలని పాలిష్ రాయితో రుద్దినా. పెయింటు పాయ. పుస్తకాల పేర్లు గూడా పాయ. ఏది కథో ఏది లెక్కో తెరిస్తేగానీ తెలీదు. పిల్లోళ్లు తెరిసి చూస్తాండారు, చూస్తా చూస్తా ఇండ్లకు ఎత్తకపోతాండారు. నాకు ఇనపడదు గదా, ఎట్లాంటిది కావాల్నో బండముక్క మీద సుద్దతో రాసి చూపీమన్నా.

నువ్వు మాత్రం రావొద్దు. ఒక్కదానివే ఉండేది నీకు కొత్త. చెవిటోనితో అరిసేదెందుకని నాతో జనం మాట్లాడేది మానేసి పదేండ్లాయ. నీ జాబులోనే నాకు మాట ఇనపడతాది. అయినా రావొద్దనే చెప్తాండా.

చిన్నాయన

తా.క.: ఆ ఎనక మూల బల్ల ఇడిసిపెట్టు. ముందరికి పోయి కూసో.


కడప, ఆగస్టు 30

చిన్నాయనకు వేల దండాలు.

ఉత్తరం ఆలస్యమైంది. గడపలో కూర్చుని పోస్టుమ్యాన్ కోసం చూసి ఉంటావు. తలుచుకుంటే ఏడుపొస్తోంది.

మేడం తిరిగొచ్చి క్లాసులో అందరి ముందూ చెప్పారు. "బీరువాలో ఒక్క పుస్తకం లేదు, అన్నీ పిల్లల ఇళ్లలోనే ఉన్నాయి. ముప్పైమంది పిల్లలు కూర్చుని బండముక్కల మీద రాస్తున్నారు, ఒక్క గొంతు లేదు. నా సర్వీసులో ఇంత నిశ్శబ్దమైన లైబ్రరీ చూడలేదు" అన్నారు. నీ పాలిష్‌కు అయిదు మార్కులు కోసి పాస్ చేశారు.

నీ జాబు అందిన రోజే ముందు బల్లకు మారాను. చాలా రోజులు ఎవరూ పలకలేదు. మేడం ఆ మాట చెప్పిన రోజు మధ్యాహ్నం మెస్సులో అంజలి అనే అమ్మాయి జరిగి కూర్చుని, "పుస్తకాలకు పాలిష్ పట్టింది మీ చిన్నాయనేనా?" అంది. అప్పట్నుంచి చెప్తూనే ఉన్నాను.

సెలవులకు వస్తాను. నాకూ ఒక బండముక్క, సుద్ద తీసిపెట్టు.

నీ కూతురు నాగలత

తా.క.: నిన్న మాట్లాడుతున్నానని నన్ను లైబ్రరీ నుంచి బయటికి పంపేశారు.