లైను తెగాక నాన్న చెప్పిన మాట

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవించి రాస్తున్నది. నేను వేళకు తింటున్నాను, పడుకుంటున్నాను, బెంగపడకు. నీ జలుబు తగ్గిందనుకుంటాను. నాన్న బట్టల సంగతి అడిగావు. ఉన్నికోటు పక్కింటి డ్రైవరుకిచ్చాను. చేతులు పొట్టివైనా మురిసిపోయి వేసుకున్నాడు. చెప్పులు మాత్రం తీయబుద్ధి కాలేదు. గుమ్మం పక్కనే ఉన్నాయి.

"ఫోను లైన్లు చూసేదానివి నువ్వే కదా, ఆఖరి రోజు నాన్నతో నా మాట మధ్యలో ఎందుకు తెగింది?" అని రాశావు. కోపంగానే రాశావు. చెబుతాను.

మన ఫోను మాటలు గాజు తీగలో రంగురంగుల వెలుగై వెళతాయి. దూరం పోయేకొద్దీ ఆ వెలుగు నీరసిస్తుంది. దానికి మళ్ళీ సత్తువ పోసే యంత్రం మా ఆఫీసు గదిలో ఉంది. అందులోని గాజు తీగలో ఎర్బియం అనే అరుదైన లోహం కలిపి ఉంటుంది. ఒక చిన్న లేజరు దానికి మేత. గది వేడెక్కితే లేజరు బలం తగ్గుతుంది, దాని రంగు కాస్త పక్కకు జరుగుతుంది, ఎర్బియం దాన్ని సరిగా పీల్చుకోలేదు. పైగా వేడెక్కిన ఆ గాజు కొన్ని రంగులకు అమ్మ, కొన్నిటికి సవతి తల్లి. మీ మాట వెళ్ళే రంగు సవతి బిడ్డయింది.

ఆ మధ్యాహ్నం యంత్రం ఉన్న గదిలో ఏసీ చెడింది. నాన్న నీతో మాట్లాడుతుంటే నేను ఆసుపత్రి వరండాలోకి వచ్చి ఆఫీసు నుంచి వచ్చిన ఫోను ఎత్తాను. షిఫ్టులో ఉన్న పెద్దాయన, "అమ్మా, గది కొలిమిలా ఉంది. తలుపులు తీశాను, ఫ్యాన్లు పెట్టాను. లేజరు బలం పడిపోతోంది. మీరొచ్చి సరిచేస్తే తప్ప నిలవదు" అన్నాడు.

"మా నాన్నను వదిలి రాలేనండీ."

"వద్దులే తల్లీ, అక్కడే ఉండు" అన్నాడాయన.

వెళ్ళుంటే నీకు నాన్న గొంతు దక్కేదేమో. నాకు నాన్న దక్కేవాడు కాదు.

తమ్ముడూ, లైను తెగాక నాన్న ఇంకేం మాట్లాడలేదని నీకు చెప్పాను. అది అబద్ధం. నేను లోపలికి వచ్చేసరికి ఫోను మూగబోయింది. నాన్న కళ్ళు మూసుకుని, దాన్ని చెవికి ఆనించుకుని మాట్లాడుతూనే ఉన్నాడు.

"ఒరే చిన్నోడా, అక్క బయటికెళ్ళింది కాబట్టి చెబుతున్నా. అది గట్టిదని అందరూ అనుకుంటారు. కాదురా. నేను పోయాక దాన్ని ఒంటరిగా వదిలెయ్యకు. వింటున్నావా?"

లైను తెగిందని చెప్పడానికి నోరు రాలేదు. ఫోను దగ్గరికి వంగి, నీ గొంతులా బొంగురుగా "ఊఁ" అన్నాను.

"అయితే సరే" అన్నాడు. అదే నాన్న ఆఖరి మాట.

నీ బదులు మాటిచ్చింది నేను. నిన్ను దానికి కట్టెయ్యను. ఇన్నాళ్ళూ దాచింది కూడా అందుకే, నా కోసం నేనే అడుక్కున్నట్టుంటుందని. కానీ నిన్న ఇద్దరికి వండి, కంచం ముందు కూర్చుని చాలాసేపు ఏడ్చాను. నాన్న చెప్పింది నిజమేరా.

వీలు చూసుకుని ఒకసారి రా.

ఇట్లు,
నీ రాక కోసం చూసే
అక్క