పురుగుల ఇంట్లో గ్యాస్ లైటు

1943 జూలై 3, శనివారం

తుంపర. పడమటి గాలి. పొద్దున రెండు మూటల మల్బరీ ఆకు కోసి తెచ్చాను. రాగి చేలో కాలు దిగబడుతోంది, కలుపు పని లేదు.

పట్టుపురుగులు మూడో జ్వరం నుంచి లేచాయి. పురుగు చర్మం మార్చే ముందు ఒకటి రెండు దినాలు మేత ముట్టదు, తల ఎత్తి అట్లే ఉంటుంది. మేము దాన్ని జ్వరం అంటాం. ఇంకొకటే మిగిలింది. నాలుగోది దాటితే వారానికి గూడు కడతాయి.

పోయిన పంట ఆముదం దీపం వల్లే పోయింది. ఆ వెలుతురులో జబ్బు పురుగు కనపడలేదు. ఒక తట్టలో మొదలై అన్నీ పోయాయి. మాకు పురుగు గుడ్లు తెచ్చి ఇచ్చేది శిడ్లఘట్టలో ఉండే నా బావమరిది బయ్యప్ప. "ఇది కూడా పోతే వేరే ఇంటికి ఇస్తా బావా" అన్నాడు. పరిహాసానికి అనలేదు.

అందుకని అటక మీది నుంచి నాయన గ్యాస్ లైటు దించాను. నా పెండ్లి ఊరేగింపులో వెలిగింది. పదకొండేండ్లయింది.

నా పెండ్లాము అక్కయమ్మ చూసింది.

"కిరసనాయిలు వాసన తగిలితే పురుగు మేత మానుతాది. తెలీదా నీకు?"

"తెలుసు."

"తెలిసీ దించినావా?"

నీ పురుగుల కోసమే అన్నాను. ముందు పశువుల కొట్టం కప్పు చూడమంది. అది తర్వాత.

తీర్మానం:
1. నాలుగో జ్వరం దాటేలోగా లైటు వెలగాలి.
2. పని అంతా కొట్టంలోనే.
3. కిరసనాయిలు గడప దాటకూడదు.
4. స్నానం చేసి, గుడ్డలు మార్చి లోపలికి.

జూలై 4

మబ్బు. ఆకు రెండు మూటలు. కొట్టంలో గోనెపట్ట పరిచి లైటు విప్పాను. ఇరవైమూడు ముక్కలు. చింతపండు, బూడిద వేసి తోమాను. ఇత్తడి తళతళా మెరిసింది! పొద్దెక్కేలోగా ఇంత పని ఎప్పుడూ చేయలేదు.

అమ్మ వచ్చి చూసింది. "పోయినేడు విప్పిన గడియారం ఇంకా గూట్లోనే ఉండాది కదప్పా."

గడియారం వేరు. అందులో ముక్కలు ఎక్కువ.

జూలై 5

మళ్ళీ బిగించాను. ఇరవైరెండు ముక్కలు పట్టాయి. మిగిలినది ముఖ్యమైనది కాదు అనుకుంటాను.

పంపు లోపలి తోలు బిళ్ళ ఎండి చెక్కైంది. ఆముదంలో నానబెట్టాను.

జూలై 6

తోలు మెత్తబడింది. పంపు కొడితే గాలి నిండింది! కింది నుంచి పోయింది. ట్యాంకు అడుగున సన్నని చిల్లి. చింతామణికి పోక తప్పదు.

మిగిలిన ముక్క ముఖ్యమైనదే. మళ్ళీ విప్పాను.

జూలై 7

చింతామణి. ఐదు మైళ్ళు నడక, దారి పొడుగునా బురద. కళాయి గురప్ప చిల్లికి సీసం పోశాడు.

"ఇది ఎవురి పెండ్లినాటిదప్పా?"

"నాదే."

"పెండ్లాము ఉండాదా?"

"ఉంది."

"ఆమెను అడిగినావా, ఇది వెలిగించేదానికి?"

మేంటిల్ కావాలన్నాను. నవ్వాడు. "యుద్ధం కదప్పా, మేంటిల్ యాడ వస్తాది? నీ పట్టు విమానాల్లోంచి దూకే గొడుగులకు పోతాంది, మాకు రావాల్సిన సామానంతా సముద్రంలో పోతాంది." అని చివరికి అగ్గిపెట్టెలో నుంచి ఒకటి తీశాడు. మంట మీద కట్టే నూలు వల, చిన్న సంచి మాదిరి ఉంది. "ఇదే కడాది, ఇంక లేదు. ఒకసారి కాలినాక బూడిదే అది. ముట్టుకోవద్దు. పంపు ముప్పైసార్లు కొట్టు, లెక్క తప్పొద్దు."

బర్నరు వేడి చేసే స్పిరిట్ లేదన్నాడు. రేషనులో దొరికిన అరసీసా కిరసనాయిలు తెచ్చాను. కొట్టంలో పెట్టాను. అక్కయమ్మ నన్ను వాకిట్లోనే నిలబెట్టింది. తలంటుకున్నాను. తీర్మానంలో మూడూ నాలుగూ నిలిచాయి!

జూలై 8

తెల్లారి నుంచి జడివాన. ఆకు తడిసి వచ్చింది. అక్కయమ్మ ఒక్కొక్క ఆకూ గుడ్డతో తుడిచి వేసింది.

మధ్యాహ్నానికి పురుగులు నాలుగో జ్వరంలో పడ్డాయి. పద్నాలుగు తట్టలు. అన్నీ తలలెత్తి ఉన్నాయి. ఇల్లంతా నిశ్శబ్దం. మేసేటప్పుడు వాన కురిసిన మాదిరి చప్పుడు ఉంటుంది, అది లేదు.

కొట్టం కారుతోంది. గోనెపట్ట తడిసింది. లైటును అరుగు మీదికి తెచ్చాను. అరుగు ఇంటి కింద లెక్క కాదు. గడప అవతలే ఉంది.

జూలై 9

వాన తగ్గింది, గాలి పెరిగింది. అరుగు మీద అగ్గిపుల్ల నిలవడం లేదు. మేంటిల్ ఒక్కటే ఉంది.

గడపకు ఇవతల నాలుగు అడుగులు మాత్రం జరిగాను. పురుగులు జ్వరంలో ఉన్నాయి. మేసేది లేదు. నిద్రపోయేవాళ్ళకు వాసనేం తెలుస్తుంది? రేపు లేస్తాయి. వెలిగించాలంటే ఈ రోజే సరైనది.

మధ్యాహ్నం మూడు. అక్కయమ్మ ఆకుతోటకు పోయింది. అమ్మ వెనక రాగులు విసురుతోంది. స్పిరిట్ లేదు కాబట్టి కిరసనాయిలు గుడ్డ కాల్చి బర్నరు వేడి చేశాను. పంపు ముప్పై.

వెలిగింది!

తెల్లగా. మిట్టమధ్యాహ్నం ఎండ మాదిరి. నడిమింట్లోకి పట్టుకుపోయాను. చీకటి మూల తట్టలో కూడా ప్రతి పురుగూ కనపడింది, కాళ్ళతో సహా. జబ్బు పురుగు ఒక్కటీ లేదు. పద్నాలుగు తట్టలూ చూశాను. వెలుతురు తగ్గినట్టుంటే చూస్తూనే పంపు కొట్టాను. లెక్క తప్పింది.

మంట పైకి లేచింది. కిరసనాయిలు చిమ్మింది. ఇల్లంతా నల్లటి పొగ. ఆర్పాను. కిటికీలు తీశాను. మేంటిల్ బాగుందో లేదో వేలితో చూశాను. ముట్టుకునేదాకా బాగానే ఉంది.

అమ్మ దగ్గుతూ వచ్చింది. "పురుగుల ఇంట్లోనా రేయ్?"

అక్కయమ్మ ఆకు మూట వాకిట్లోనే దించింది. చేతులు కడుక్కుని తట్టల దగ్గరికి పోయింది.

జూలై 10

పొగమంచు. ఆకు ఒక మూటే కోశాను. చాలింది.

పురుగులు లేచాయి. పది తట్టల్లో లేచాయి. గడపకు దగ్గరున్న నాలుగు తట్టల్లో లేవలేదు. అక్కయమ్మ వాటిని ఏరి దొడ్డిలో పాతిపెట్టింది.

తడి ఆకు వల్ల కూడా ఇట్లా అవుతుంది అన్నాను.

"ఆకు నేను తుడిచినా. చూసినావు కదా."

చూశాను.

ఊరిలో వాతావరణం బాగాలేదని, పక్క ఊరిలోనూ పురుగులు పోయాయని చెప్పాను. పక్క ఊరిలో ఎవరికి అని అడిగింది. విచారించి చెబుతాను.

మిగిలినవి మేత ముడుతున్నాయి, కానీ మెల్లగా. గోడల వాసన పోలేదు. సున్నం వేస్తానన్నాను. సున్నం వాసన కూడా పురుగుకు పడదంట. అన్న బయ్యప్పకు బస్సులో కబురు పంపింది.

జూలై 11, ఆదివారం

తెరపి. ఎండ వచ్చింది. బయ్యప్ప తెల్లారకముందే బండి తోలుకుని వచ్చాడు. వాకిట్లోనే ముక్కు ఎగబీల్చాడు.

"వెలిగిందా బావా?"

"వెలిగింది."

"ఎంతసేపు?"

ఎద్దులకు గడ్డి వేశాను.

శిడ్లఘట్టకు తీసుకుపోను, తట్టల మీద తెల్లని పంచెలు కప్పి బండిలో పేర్చారు. అక్కయమ్మ మొదటి తట్ట నుంచి చివరిదాకా చెయ్యి పెట్టి చూసుకుంది. అమ్మ కూడా మూట కట్టింది. "ఆకు తుంచేదానికి ఇంకో చెయ్యి కావాల కదప్పా" అంది.

"పంట దిగినాక వస్తావా?" అని అక్కయమ్మను అడిగాను.

"దిగితే చూద్దాం. మన తోట ఆకు దినామూ మొదటి బస్సులో పంపు. చేతులు సబ్బు పెట్టి కడిగి కొయ్యి."

తీర్మానం, రేపటి నుంచి:
1. కొట్టం కప్పు బాగుచేయాలి. లైటు తర్వాతే.
2. పగలంతా ఆకు కోత, బస్సు, రాగి చేను. కప్పు పని పొద్దు గూకినాకే కుదురుతుంది.
3. అంటే వెలుతురు కావాలి. కనుక ముందు లైటు.
4. మేంటిల్ కోసం గురప్పకు చెప్పి పంపాలి.

ఇంట్లో నుంచి వెళ్ళినవాళ్ళు: అక్కయమ్మ, అమ్మ, పది తట్టల పురుగులు. ఉదయం ఏడుంబావుకు.