రత్నం ఎత్తు

గోపాలపట్నం,
12-8-1984.

చిరంజీవి సన్యాసిరావుకు దీవెనలు.

రొమ్ములు తగ్గించే ఆపరేషన్ చేయించుకున్న నీ భార్య ఎప్పుడు మామూలు మనిషవుతుందని అడుగుతూ, అయ్యాకే తీసుకెళ్తానని రాశావు. అయింది నాయనా. భుజాల మీద లోపలి బాడీ పట్టీల గాట్లు మానాయి. మెడనొప్పి పోయింది. బస్సు వెనక పరుగెత్తుతోంది, బోర్లా పడుకుని గురక పెడుతోంది.

మొన్న మీ అమ్మ వచ్చి, "అయ్యి కోయించీసుకుంటే మావోడికింకేటి మిగిలిందమ్మా?" అంది.

"నాను మిగల్లేదేటత్తా?" అంది మా రత్నం. మీ అమ్మ కాఫీ సగంలో వదిలేసి లేచింది.

నీదీ అదే సందేహమైతే ఉత్తరాలు మాని ఆదివారం రా. కాపురానికి వచ్చేదీ రానిదీ రత్నమే చెబుతుంది. ఒంగి నడవడం మానేసి నిటారుగా నిలబడేసరికి, పిల్ల నీకంటే పొడుగని తేలింది. ఎత్తు మడమల బూట్లుంటే వేసుకుని రా.

ఇట్లు,
రత్నం అమ్మమ్మ.