పెత్రమాసకు డబల్ రొట్టె

నేను మంగమ్మను, నీ భార్యను. వయసు అరవై దాటింది. వికారాబాద్ స్టేషన్ వెనుక ఇంట్లో కోడలితో ఉంటున్నాను. బతికున్నప్పుడే నీకు చదువు రాదు. అయినా పక్కింటి పంతులమ్మతో ఇది రాయిస్తున్నాను.

ఇవాళ పెత్రమాస. పోయినవాళ్లకు వండిపెట్టే రోజు కదా, పొద్దున్నే బేకరీ డబల్ రొట్టె ముక్కలను పాలు, గుడ్డు కలిపిన దాంట్లో ముంచి నేతిలో కాల్చాను. గింజలు తీసిన సీతాఫలం, పెరుగు సిద్ధం చేశాను. తాండూరు నుంచి వచ్చిన నీ తమ్ముడు రాములు గొడవకు దిగాడు.

"వదినా, పెద్దలకు గారెలు పెడ్తరు గని గిదేంది? మా అన్న ఏమన్న దొరనా?"

"మీ అన్న జిందగంత డాక్ బంగ్లల దొరలకు గిదే చేసి పెట్టిండు. ఒక్కనాడన్న కూసొని వేడిగ తిన్నడా? ఇయ్యాల తింటడు. నీకు సయించకుంటే లేసి నడువు."

రాములు లేచి వెళ్లలేదు. కానీ నాకే కాలు నిలవడం లేదు. పెరుగు రొట్టె మీద వేయాలా, పక్కన పెట్టాలా? నువ్వు చెప్పలేదు, నేను అడగలేదు. చివరికి రాములునే అడిగాను.

"నాకేమెరుక వదినా" అన్నాడు, మెల్లగా.

రెండు విస్తర్లు వేశాను. ఒకదాంట్లో మీద వేశాను, ఒకదాంట్లో పక్కన పెట్టాను. నీకు నచ్చింది తిను. రెండోది రాములు తింటాడట.

ఇది మంగమ్మ ఎడమ బొటనవేలి ముద్ర.
చూసినవాళ్లు: కోడలు సుగుణ, మరిది రాములు.